దాటేసిన వార్త

మా వాడలో పేపర్ ఒక్కటే వచ్చేది. వినేవాళ్లు మాత్రం ఇరవై మందికి పైనే.

జగిత్యాల ఖిల్లా వెనక, కందకానికి ఇవతల ఉన్న ఇరుకు వాడ మాది. వంటలు, పిల్లల బడి హడావిడి అయ్యాక పదకొండు గంటలకు ఆడవాళ్లంతా చాటలు పట్టుకుని మా అరుగు మీదికి చేరేవారు. చాటలో తునికాకు, తంబాకు, దారం ఉండ, కత్తెర. సాయంత్రానికి ఒక్కొక్కరు వెయ్యి బీడీలు చుట్టి కార్ఖానాకు ఇవ్వాలి. చేతికి పని ఉండి చెవికి పని లేకపోతే మనుషులు ఇరుగుపొరుగు సంగతులు మాట్లాడుకుంటారు. మొదట్లో వీళ్లూ అదే చేశారు. మూడు నెలల్లో నాలుగు ఇళ్ల మధ్య మాటలు బంద్ అయ్యాయి. ఇట్లా అయితే అరుగు ఖాళీ అవుతుందని అందరిలో పెద్దదైన వెంకటవ్వకు భయం వేసింది. మా అరుగు మీద నీడ ఎక్కువ.

"దొర్సానీ, నువ్వు బీయే సదివినవంట గద. గా సదువంత పప్పుల పోపు పెట్టుడుకేనా? జెర గా పేపరు మాకు సదివి ఇనిపియ్యరాదు" అంది.

అట్లా మొదలైంది. ఢిల్లీ వార్తలు ఎవరికీ అక్కర్లేదు. "గా పెద్దోళ్ల లొల్లి ఇడిశిపెట్టు, మన దిక్కుది సదువు" అనేవారు. మన దిక్కుది అంటే జిల్లా పేజీ. ఎక్కడ బస్సు బోల్తా పడింది, ఎక్కడ ట్రాన్స్‌ఫార్మర్ కాలింది, ఎవరి బర్రె తప్పిపోయింది. అందులో మా వాడ పేరు ఎప్పుడూ ఉండేది కాదు. అందుకని అప్పుడప్పుడు నేనే పెట్టేదాన్ని.

"మూడో వార్డులో నల్లా నీళ్లు రాక మహిళల ఇక్కట్లు. కౌన్సిలర్ ఇంట బర్రెలకు మాత్రం రెండు పూటలా స్నానం" అని పేపర్ భాషలోనే, గొంతులో ఏ తేడా లేకుండా చదివేదాన్ని. అరుగు అరుగంతా పకపకా నవ్వేది. వాళ్లకు తెలుసో తెలియదో నేను ఎప్పుడూ అడగలేదు. అడిగితే ఆట అయిపోతుంది కదా.

ఒకసారి ఆట కొంచెం ముందుకు పోయింది. మా వాడ మోరి, ఆ మురికి కాలువ, ఆర్నెల్లుగా నిండి పొర్లుతూ, ఇళ్లలోకి వస్తోంది. ఒకనాడు విసుగొచ్చి, "ఖిల్లా వెనక వాడలో మోరి దుస్థితిని మున్సిపల్ అధికారులు రేపు ఉదయం పది గంటలకు పరిశీలించనున్నారు" అని చదివేశాను. మర్నాడు పదిన్నర దాకా ఎవరూ రాకపోయేసరికి వెంకటవ్వ కొంగు నడుముకు చెక్కి, అందర్నీ వెంటేసుకుని ఆఫీసుకే పోయింది. "పేపర్ల పడ్డంక గూడ ఇంక కుర్సీలనే కూసున్నరా సారూ? పది ఎప్పుడో దాటింది" అని నిలదీసింది. పాపం వాళ్లు పడిందా లేదా అని చూసుకునే ధైర్యం కూడా చేయక కూలీల చేత పారలు మోయించుకుని వచ్చారు. మూడు రోజుల్లో మోరి బాగైంది.

బజారులో పేపర్ల ఏజెంటు బాలరాజుకు సంగతి అర్థమైంది. నెల చందా ఇవ్వడానికి పోతే, "దొర్సానీ, నువ్వు సదివే పేపరు మస్తుంటదంట. నాగ్గూడ ఒకటి ఎయ్యరాదు" అన్నాడు, నవ్వు మీసాల కింద దాచుకుంటూ.

మేం వెల్గటూర్ దిక్కు ఊరివాళ్లం. మా మామగారి కాలం దాకా ఊళ్లో మాదే పెత్తనం. రైతు కూలీ సంఘం వచ్చాక, ఎర్ర జెండా మా పొలంలో పాతాక, మా ఆయన శ్యాంసుందర్ రావు నల్లకోటు దులిపి, జగిత్యాల కోర్టులో వకీలుగా తేలాడు. మా గడి బంగళాకు తాళం వేసి ఈ వాడలో ఇల్లు తీసుకున్నాం. నర్సవ్వది కూడా మా ఊరే. కల్లు గీసే గౌండ్ల వాళ్లు. భర్త తాటిచెట్టు మీది నుంచి పడి పోయాడు. కూతురిని కోరుట్లకు ఇచ్చింది. ఒక్కడే కొడుకు జలపతి అడవిలోని అన్నల్లో, నక్సలైట్లలో కలిశాడు. వాడి కోసం పోలీసులు వారానికి రెండుసార్లు ఇంటికి వస్తుంటే తట్టుకోలేక ఆమె కూడా ఊరు విడిచి వచ్చింది. అన్నలకు భయపడి మేము, పోలీసులకు భయపడి ఆమె. ఊరు రెండు చివర్ల నుంచీ ఖాళీ అయి, ఒకే వాడలో పడ్డాం.

అందరికన్నా ముందు వచ్చి, నాకు దగ్గరగా కూర్చునేది నర్సవ్వే. మిగతావాళ్లు నవ్వడానికి వచ్చేవారు. ఆమె ఒక్క మాట కోసం వచ్చేది. ఆ మాట వినపడకూడదని వచ్చేది. ఎన్‌కౌంటర్ వార్త ఉంటే నేను ముందు పేరు, ఊరు చదివేదాన్ని. జలపతి కాదని తేలాకే ఆమె చేయి కదిలేది. ఎవరో మరో తల్లి కొడుకని తెలిసి, ఊపిరి వదిలినందుకు తనే సిగ్గుపడి, "పాపం, గా అవ్వ ఎట్లున్నదో" అనేది.

వాడి ముచ్చట్లు మాకందరికీ నోటికి వచ్చు. ఐదేళ్ల పిల్లవాడప్పుడు తండ్రి గీత కత్తి జారి పడి ఎడమ కాలి చిటికెన వేలు తెగిపోవడం, ధర్మపురి జాతరలో ఏడుస్తూనే కుడి ముంజేతి మీద తేలు పచ్చబొట్టు పొడిపించుకోవడం. "అంత మంది దేవుండ్లు ఉండంగ తేలు ఎందుకురా అంటె, దేవుడు కుట్టడు గద అవ్వా అన్నడు" అని ప్రతిసారీ కొత్తగా చెప్పినట్టే చెప్పేది.

ఎనభై తొమ్మిది వానాకాలం. ఆ రోజు గురువారం. వాన వెలిసి ఎండ కాసింది. నర్సవ్వ ఉడకబెట్టిన మక్కబుట్టలు, మొక్కజొన్న కంకులు, తెచ్చి అందరికీ పంచింది. వెంకటవ్వకు పళ్లు లేవు. "నాకు ఇచ్చుడు ఎందుకే, సూసి మురుసుడుకా?" అంటే, "వాసన సూసి ఇటియ్యి, నేను తింట" అంది నర్సవ్వ. అందరూ నవ్వారు. ఆమె అంతగా నవ్వడం నేను చాలా రోజులకు చూశాను.

నేను జిల్లా పేజీ విప్పాను. ఎరువుల కొరత చదివాను. కోరుట్లలో రోడ్డు వెడల్పు చదివాను. చదివేవాళ్ల కన్ను నాలుక కన్నా రెండు వరుసలు ముందు నడుస్తుంది. పేజీ అడుగున చిన్న వార్త. సిరిసిల్ల అవతల గుట్టల్లో ఎదురుకాల్పులు. గుర్తు తెలియని యువకుడి మృతి. సుమారు ఇరవై ఐదేళ్లు, చామనఛాయ, ఆకుపచ్చ గళ్ల చొక్కా. కుడి ముంజేతిపై తేలు పచ్చబొట్టు. ఎడమ కాలికి చిటికెన వేలు లేదు. మృతదేహాన్ని సిరిసిల్ల సర్కారు దవాఖానలో ఉంచారు. సంబంధీకులు మూడు రోజుల్లోగా గుర్తించాలి.

నా నాలుక ఇంకా రోడ్డు వెడల్పు మీదే ఉంది. నా ఎదురుగా నర్సవ్వ మక్కగింజ నములుతూ నా నోటికేసి చూస్తోంది. ఆ రెండు వరుసల ఎడంలోనే నేను నిర్ణయించుకున్నాను. నిర్ణయించుకున్నాను అనడం కూడా గొప్పే. తప్పించుకున్నాను.

"దసరాకు కంట్రోలు చక్కెర కార్డుకు అర కిలో అదనం" అని చదివాను.

"అబ్బ! సల్లని వార్త జెప్పినవ్ దొర్సానీ" అంది వెంకటవ్వ.

"గంతేనా?" అని అడిగింది నర్సవ్వ. రోజూ అడిగే మాటే.

"గంతే" అన్నాను. పేపర్ మడతపెట్టి లోపలికి పోయి, బియ్యం డబ్బా కింద పెట్టాను. లేనివి కలపడం ఏళ్ల తరబడి అలవాటైన మనిషిని. ఉన్నది తీసేయడం ఇంత తేలికని అంతకుముందు తెలియదు.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మా ఆయనకు పేపర్ చూపించాను. ఆయన చదివి, కంచం ముందు కూర్చుని, కాసేపు ఏమీ కలపకుండా ఊరకే అన్నం కెలికాడు.

"నర్సవ్వకు చెప్పాలె" అన్నాను.

"వాడే అని ఎట్ల అంటవ్? తేలు బొట్టు ఉన్నోళ్లు జిల్లాల వందమంది ఉంటరు."

"చిటికెన వేలు లేనోళ్లు?"

ఆయన వకీలు కదా, ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. "శవం కోసం పోయినోళ్ల పేరు, ఇల్లు, వాడ అన్నీ రాసుకుంటరు. నీకు ఎవరు చెప్పిన్రు అని అడుగుతరు. ఆమె ఏం చెప్తది?"

"పేపర్ల వచ్చిందని."

"ఆమెకు చదువు రాదు. పేపరు చదివింది ఎవరు?"

నేను ఆయన కంచంలో పులుసు వేశాను.

"ఒకదిక్కు అన్నలు, ఒకదిక్కు పోలీసులు. నడుమ మనకు ఈ అరుగు ఒక్కటే మిగిలింది సుమిత్రా. ఒక్క రోజు ఆగు. కోర్టుల ఎవర్నన్న అడిగి, వాడో కాదో తెలుసుకుంట" అన్నాడు.

ఆయన అడగలేదు. నేను అడిగారా అని అడగలేదు. ఆలుమగలం ఒక మాట మీద నిలబడిన సందర్భాలు మా సంసారంలో తక్కువ. అందులో ఇదొకటి.

మర్నాడు నేనే తెగించాను. ఆ పేపర్ చీరకుచ్చిళ్లలో దోపుకుని నర్సవ్వ ఇంటికి పోయాను. ఆమె నన్ను చూసి, "నూరేండ్లు నీకు! నేనే రావాలనుకుంటున్న" అని పీట వేసింది. గూట్లో నుంచి రేషన్ కార్డు తీసి నా చేతిలో పెట్టింది.

"సర్వేకు అచ్చిన్రు దొర్సానీ. ఇంట్ల లేనోళ్ల పేర్లు కొట్టేస్తరట. జలపతి పేరు తీస్తమంటున్నరు. బియ్యం పోతె పోనియ్యి. పేరు పోవద్దు. పేరు గూడ తీసేస్తె ఇగ వాడు ఏడ ఉన్నట్టు? నువ్వు ఒక అర్జీ రాయి. నీ రాత సూస్తె సార్లు కాదనరు."

కాగితం, కలం ముందే తెప్పించి పెట్టుకుంది. నా కుచ్చిళ్లలో పేపర్ ఒరుసుకుంటోంది. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. మొదటి వాక్యం రాశాక చెప్తాను అనుకున్నాను. రాశాను. "నా కుమారుడు జలపతి, వయసు ఇరవై ఒకటి, బ్రతికి యుండి, కూలి పని నిమిత్తం పొరుగూరు వెళ్లియున్నాడు. కావున అతని పేరు కార్డులో యథాతథంగా ఉంచవలసిందిగా ప్రార్థన."

"సదువు" అంది. చదివాను. "బ్రతికి యుండి" దగ్గర ఆమె తల ఊపింది.

"గది మంచిగ రాసినవ్" అంటూ వేలిముద్ర వేసింది. వేసి, వేలి సిరా తలకు రాసుకుంది.

చాయ్ తాగి వచ్చేశాను. మూడో రోజు శనివారం పేపర్‌లో ఒక్క వరుస: మృతదేహం కోసం ఎవరూ రాలేదు. దాటేశాను. ఆదివారం రెండు వరుసలు: గడువు ముగియడంతో మున్సిపల్ సిబ్బంది ఖననం చేశారు. అదీ దాటేశాను. వానలకు చెరువులు నిండాయని చదివాను. ఇక చెప్పి మాత్రం ఏం లాభం అనే మాట ఒకటి దొరికింది నాకు. గురువారం నుంచి వెతుకుతున్నది బహుశా దాని కోసమే.

సోమవారం పొద్దున కోరుట్ల బస్సు దిగి నర్సవ్వ కూతురు శంకరవ్వ వచ్చింది. నిండు చూలాలు. మేమంతా అరుగు మీదే ఉన్నాం. ఆమె వచ్చీ రాగానే ఏడ్చిన జాడ కోసం తల్లి ముఖం, కళ్లు చూసింది. తల్లి మామూలుగా బీడీలు చుడుతోంది.

"అవ్వా, తమ్మునికి ఏం జేసినవే?"

"ఏం జేసుడేంది? ఏమైంది?"

"మట్టి పెట్టుడు అయిందా? నాకు కబురన్న చెయ్యవా?"

నర్సవ్వ చేతిలో ఆకు అట్లాగే విచ్చుకుపోయింది. తంబాకు ఒడిలో పడింది.

"గురువారం పేపర్ల పడ్డది గద అవ్వా" అంది శంకరవ్వ, ఏడుపు లేకుండా, అర్థం కాక. "మా కార్ఖానల మున్షీ సదివిండు. తేలు బొట్టు, కాలు ఏలు అన్ని సదివిండు. మా అత్త నన్ను గడప దాటనియ్యలే, పోలీసులు అస్తరని. నేనేమనుకున్ననంటె, మా అవ్వకు దొర్సాని రోజు పేపరు సదువుతది, ఆమె పోయే ఉంటది, తమ్ముణ్ణి తెచ్చుకునే ఉంటది అని ధీమగ ఉన్న. నాలుగు దినాలైనా కబురు లేకపాయె. నువ్వు పోలేదా?"

అందరూ నాకేసి చూస్తారనుకున్నాను. ఎవరూ చూడలేదు. నర్సవ్వ లేచి నిలబడి, గట్టిగా అంది.

"దొర్సాని రోజు సదువుతది. ఒక్క దినం తప్పలే. మన పేపర్ల పడలేదు బిడ్డా. కోరుట్ల పేపర్ల పడ్డదేమో, మన దాంట్ల పడలేదు."

"గా బాలరాజుగాడే!" అంది వెంకటవ్వ. "మొన్న ఎండకాలం గూడ నడిమి కాయితం లేకుండ ఏసిండు గద. మన వాడంటె ఆనికి అగ్గువ. నడువుండ్రి, వాణ్ణి అడుగుదాం."

మోరి కోసం పోయినప్పటి మాదిరిగానే పోయారు. కొంగులు చెక్కి, చాటలు అక్కడే వదిలి. తేడా ఏమిటంటే అప్పుడు నేను ఇంట్లో తలుపు చాటున నవ్వుకుంటూ కూర్చున్నాను. ఇప్పుడు నర్సవ్వ నా చేయి పట్టుకుని తీసుకుపోయింది. "నువ్వు రా దొర్సానీ. వాడు గదే పేపరు గిదే పేపరు అని మాకు టోపీ పెడ్తడు. నువ్వు ఉంటె సాగదు."

దారిలో చెప్పి ఉండవచ్చు. బజారు దాకా రెండు వందల అడుగులు. నర్సవ్వ చేయి చల్లగా ఉంది. నేను చెప్పలేదు.

బాలరాజు దుకాణం ముందు గుంపు చూసి లేచి నిలబడ్డాడు.

"నా కొడుకు సచ్చిన పేపరు మా వాడకు ఎందుకు ఎయ్యలేదురా?" అంది నర్సవ్వ. "నీకు ఏం పాపం జేసిన? ఒక్క కాయితం! గా ఒక్క కాయితం ఉంటె నేను నా కొడుకు మొకం సూస్తుంటి."

"పాత పేపర్లు అంటగడుతున్నవా మాకు?" అంది వెంకటవ్వ.

బాలరాజు నర్సవ్వను కాదు, నన్ను చూశాడు. నేను ఏ పేపర్ చదువుతానో తెలిసినవాడు వాడొక్కడే. ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. లోపలికి పోయి, మిగిలిపోయిన పేపర్ల కట్టలో వెతికి, గురువారంది తీసి, జిల్లా పేజీ పైకి వచ్చేటట్టు మడిచి, నా చేతిలో పెట్టాడు.

"మీ వాడకు వేసింది గిదే. మీరే సదువుండ్రి, దొర్సానీ" అన్నాడు. వాడు నన్ను మీరు అనడం అదే మొదటిసారి.

చదివాను. శీర్షిక నుంచి చివరిదాకా, ఒక్క అక్షరం దాటకుండా. మూడు రోజుల్లోగా అన్నచోట కూడా ఆగలేదు. ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు.

బజారులో సైకిళ్లు పోతున్నాయి. నర్సవ్వ నా చేయి ఎప్పుడు వదిలిందో తెలియదు.

"గిది మన పేపరేనా?" అంది.

"మన పేపరే."

"గురువారందేనా? మక్కబుట్టలు తిన్ననాటిదేనా?"

"అవును నర్సవ్వా."

"నీకు కండ్ల పడలేదా?"

పడలేదు అనవచ్చు. ఎంత చిన్న అక్షరాలో చూడు అనవచ్చు. అంతమందిలో నమ్మనివాళ్లు ఉండరు. ఆమె కూడా నమ్మడానికే అడుగుతోంది.

"పడ్డది" అన్నాను. "సదవలే."

వెంకటవ్వ "అయ్యో" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. శంకరవ్వ నా మీదికి రాబోయింది. నర్సవ్వ కూతుర్ని చేత్తో ఆపి, నా ఎదురుగా వచ్చి నిలబడింది. తిడుతుందని ఎదురుచూశాను. మా మామగారి పేరు, మా ఊరి పేరు తీసి తిడుతుందని, దోసిళ్లతో దుమ్మెత్తి పోస్తుందని. అట్లా చేసి ఉంటే నాకు కొంచెం బాగుండేది.

"మళ్ల సదువు" అంది.

మళ్లీ చదివాను.

"గిండ్ల నువ్వు కలిపింది ఏమన్న ఉన్నదా?"

అంటే మొదటి నుంచీ తెలుసన్నమాట. నల్లా తెలుసు, బర్రెలు తెలుసు, మోరి తెలుసు. తెలిసే నవ్వేది.

"లేదు. ఉన్నది ఉన్నట్టు చదివిన."

"ఆకుపచ్చ గళ్ల అంగా" అంది నెమ్మదిగా. "నేను కొనియ్యలే గది. ఎవ్వలిచ్చిన్రో మరి." వేళ్ల మీద లెక్కవేసి, "ఇరువై ఐదు కాదు, ఇరువై ఒకటే. మనిషి పెరిగిండు కావచ్చు. మళ్ల సదువు" అంది.

ఐదుసార్లు చదివించుకుంది. అప్పుడు ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని, తలకిందులుగా పట్టుకుని కాసేపు చూసి, మడిచి రొమ్ములో పెట్టుకుంది.

"రేపు సిరిసిల్లకు పోతున్న. ఆడ ఏమేమో రాసి ఉంటయట. సదువు వచ్చినోళ్లు ఒకరు కావాలె. మొదటి బస్సుకు నువ్వు రావాలె" అంది. అడగడం కాదది.

మా ఆయనకు చెప్పాను. ఆయన వద్దనలేదు. పొద్దున్నే లేచి, బస్టాండ్ దాకా సంచి మోసుకొచ్చాడు. నర్సవ్వ ఎదురుపడితే, "నర్సవ్వా" అని ఆగిపోయాడు. ఆమె "దండం దొరా" అని బస్సెక్కింది. నా పక్క సీటు ఖాళీగా ఉన్నా, పోయి వెనక కూతురి పక్కన కూర్చుంది. ఒడిలో గుడ్డలో చుట్టిన కల్లు సీసా ఉంది. వాళ్ల కులంలో మట్టి మీద కల్లు వంచి సాక పోయనిదే చచ్చినవాడికి దూప, ఆ దాహం, తీరదంటారు. తెల్లవారుజామునే తమ వాళ్ల చెట్టు కింద నిలబడి దింపించుకుని వచ్చింది.

సిరిసిల్లలో దిగేసరికి ఊరంతా బట్టలు నేసే సాంచాల చప్పుడు. ఒకరి మాట ఒకరికి వినపడదు. మున్సిపల్ ఆఫీసులో గుమాస్తా రిజిస్టర్ తీసి, నాకేసి తిప్పాడు. తేదీ ఉంది. "మగ, ఒకటి" అని ఉంది. ఎదురుగా సంతకం ఉంది. ఉన్నది ఉన్నట్టు చదివాను.

"గంతేనా?" అంది నర్సవ్వ.

"గంతే" అన్నాను. ఈసారి నిజమే.

మానేరు ఒడ్డున శవాలు పూడ్చే బొందలగడ్డ. అక్కడ పనిచేసే లస్మయ్య మమ్మల్ని ఒక మూలకు తీసుకుపోయాడు. దిక్కులేనోళ్లను పెట్టేది ఆ మూలకేనట. మట్టి దిబ్బలు నాలుగు. మూడు రోజులు కురిసిన వానకు నాలుగూ ఒకే తీరుగా కరిగి, అణగి ఉన్నాయి.

"ఏది బాపూ?" అని అడిగింది శంకరవ్వ.

లస్మయ్య తల గోక్కున్నాడు. "గా దినం నేను ముస్తాబాద్‌ల పెండ్లికి పోయిన బిడ్డా. మా బామ్మర్ది పెట్టిండు. ఒక పదిహేను దినాల్ల నలుగురు అచ్చిన్రు. గిది అనుకుంట." చేయి ఒకదానికేసి చూపి, అనుమానంగా పక్కదానికేసి జరిపాడు. "లేకుంటె గిది."

నర్సవ్వ నా దిక్కు తిరిగింది. నిన్నటి నుంచి మొదటిసారి నా ముఖంలోకి చూసింది.

"నువ్వు జెప్పు దొర్సానీ. నీకు అలవాటే గద. నువ్వు ఏదంటె గదే అనుకుంట."

వెక్కిరింతే. కానీ ఆ కళ్లలో వెక్కిరింత లేదు. నేను ఒక దిబ్బ చూపిస్తే చాలు. దాని మీద పడి ఏడుస్తుంది, సాక పోస్తుంది, ఏడాదికోసారి వచ్చి మొక్కుకుంటుంది. కొడుకు ఇక్కడున్నాడు అనే చోటు ఒకటి ఆమెకు దొరుకుతుంది. ఎడమ పక్క చివరిది కొంచెం పొడుగ్గా ఉంది. నా చేయి లేవబోయింది.

"నాకు తెల్వదు నర్సవ్వా" అన్నాను.

ఆమె తల ఊపింది. సీసా మూత తీసి, మొదటి దిబ్బ దగ్గర వంగి కొంచెం కల్లు పోసింది. "తాగు బిడ్డా" అంది. రెండోదాని దగ్గర పోసింది. అక్కడా అదే మాట. మూడోదాని దగ్గర ఒంపుతుంటే నురుగు మాత్రమే వచ్చింది. సీసా తలకిందులు చేసి చివరి చుక్క పడేదాకా పట్టుకుంది. నాలుగో దిబ్బ మిగిలిపోయింది.

"అయిపాయెనే అవ్వా" అంది శంకరవ్వ.

"గీ ఊర్ల కల్లు కంపౌండ్ ఏడున్నది?" అని లస్మయ్యను అడిగింది నర్సవ్వ.

"పెద్ద బజార్ల. అర కోసు నడువాలె. బస్సు తప్పుతది మీకు."

"తప్పనియ్యి." గుడ్డ, సీసా సర్దుకుని కూతుర్ని లేపింది. రెండడుగులు వేసి ఆగింది. నా వైపు తిరగకుండానే అంది.

"నువ్వు ఈడనే కూసో. కుక్కలు తిరుగుతున్నయి. నేను అచ్చేదాక నాలుగిటిని సూస్తుండు."

వాళ్లు పోయారు. తడి మట్టి మీద చీర తడుస్తున్నా కూర్చున్నాను. నాలుగింటిలో దేనికి ఎదురుగా కూర్చోవాలో తెలియలేదు. ఒకదానికేసి కూర్చుంటే మూడింటికి వీపు పెట్టినట్టు అవుతోంది. ఆమె వచ్చేదాకా కాసేపు ఇటు, కాసేపు అటు తిరిగి కూర్చుంటూనే ఉన్నాను.